నల్లరేగడి బీడులో గొడ్లూ జీవాలూ మేపుకోవడం: గుంట తవ్వి చూసే దగ్గర్నుంచి వానాకాలం దొడ్డి దాకా

ఒంగోలు చుట్టుపక్కల, నాగులుప్పలపాడు, మద్దిపాడు, కొండపి, దర్శి వైపు నల్లరేగడి ఉన్నోళ్ళు పొగాకు గురించి, శనగ గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. అదే నేల నాలుగైదు ఎకరాలు గొడ్లకని బీడు వదిలితే మాత్రం దాన్ని పట్టించుకునేవాడే ఉండడు. గడ్డి దానంతటదే మొలుస్తుంది, గొడ్డు దానంతటదే తింటది అనుకుంటారు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి గొడ్లు ఇష్టంగా తినే చెంగలి గడ్డి పోయి తుంగ, వయ్యారిభామ, చిల్లకంప (సర్కారు తుమ్మ) మిగులుతాయి, అప్పుడు "నేల చెడిపోయింది" అంటారు. నేల చెడిపోదు, అది ఎట్టా పని చేస్తదో తెలుసుకోకుండా మేపితే గడ్డి చెడిపోద్ది. ఒంగోలు గిత్తని ప్రపంచం మొత్తం మెచ్చుకుంది, బ్రెజిల్ వాళ్ళు 19వ శతాబ్దంలోనే తీసుకెళ్ళి నెల్లోర్ అనే పేరుతో అక్కడ కోట్లలో పెంచుకున్నారు. ఆ జాతి ఈ నల్లనేలల మీది గడ్డీ చొప్పా తినే పెరిగింది, కాబట్టి ఈ బీడుని చిన్నచూపు చూడటం నాకు అస్సలు నచ్చదు.

ముందే ఒక మాట. ఎర్ర చెలకలో బీడు బాగుండాలంటే ఎన్ని గొడ్లు తోలుతున్నాం అనేది మొదటి ప్రశ్న. నల్లరేగడిలో అది రెండో ప్రశ్న. ఏ రోజు తోలుతున్నాం, ఆ రోజు నేల ఎంత తడిగా ఉంది అనేదే మొదటి ప్రశ్న. కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుద్ది.

ఈ నేల లోపల ఏం జరుగుతదంటే

నల్లరేగడిలో బంకమన్ను చాలా ఎక్కువ, కనీసం 30 శాతం, మంచి రేగడిలో 50, 60 కూడా ఉంటది. అందులో ఎక్కువ భాగం మాంట్మొరిల్లొనైట్ లాంటి ఖనిజాలు, వీటి పొరల మధ్యకి నీళ్ళు దూరితే పొరలు ఎడమై మన్ను ఉబ్బుద్ది, నీళ్ళు పోతే దగ్గరై కుంచించుకుపోద్ది. ఎండాకాలం నెర్రెలు ఇచ్చేది అందుకే. సెంటీమీటరు వెడల్పు నెర్రె 50 సెంటీమీటర్ల లోతు దాకా పోతే సాయిల్ సైన్స్ వాళ్ళు దాన్ని వర్టిసాల్ అంటారు, మన దగ్గర రోహిణి కార్తెలో చెయ్యి పట్టే నెర్రెలు, నడుం లోతు నెర్రెలు మామూలే.

నల్లగా ఉంది కదా, సత్తువ బాగా ఉంటదిలే అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. సేంద్రియ కర్బనం ఈ నేలల్లో చాలా చోట్ల అర శాతం కూడా ఉండదు. నత్రజని తక్కువ, భాస్వరం ఉన్నా సున్నం పట్టేసుకుంటది, జింకు లోపం సర్వసాధారణం. పీహెచ్ ఎనిమిది అటూ ఇటూ, అంటే క్షార నేల. మరి బలం ఏందంటే నీళ్ళు పట్టి ఉంచుకునే గుణం. ఒక మీటరు లోతు మన్నులో మొక్కకి అందే నీళ్ళే 150 నుంచి 250 మిల్లీమీటర్ల దాకా నిలవ ఉంటాయి, అందుకే విత్తాక ఒక్క వాన కూడా పడకపోయినా శనగ పండుతుంది, బీడులో గడ్డి సంక్రాంతి దాటినా పచ్చగా ఉంటది.

ఇంకో విచిత్రం ఉంది. ఎండిన రేగడి మీద పడ్డ మొదటి గట్టి వాన నెర్రెల్లోంచి నేరుగా కిందకి దిగిపోద్ది, కాలువ కూడా పారదు. ఒకసారి నెర్రెలు మూసుకున్నాయా, ఇక నీళ్ళు ఇంకడం దాదాపు ఆగిపోద్ది, గంటకి ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా దిగవు. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల పైనే నీళ్ళు, అవన్నీ పైనే నిలుస్తాయి లేదా మన్ను మోసుకుపోతాయి. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడుద్ది, ప్రకాశంలో కూడా ఈశాన్య రుతుపవనాల వాటా పెద్దదే, పైగా తుఫాను వచ్చిందంటే రెండు మూడు రోజుల్లోనే కుమ్మేస్తది. అంటే మన నేలకి చిక్కు వచ్చేది ఆ మూడు నెలల్లోనే.

మొదటి పని: గుంట తవ్వండి, గ్లాసులో నీళ్ళు పొయ్యండి

నేలంతా ఒకటే అనుకోకుండా బీడులో మెరక దగ్గర ఒకటి, పల్లంలో ఒకటి, మూడడుగుల లోతు గుంటలు తియ్యండి. ఎండిపోయినప్పుడు గడ్డపార దిగదు, బాగా తడిసినప్పుడు పార అంటుకుంటది, మధ్యస్తంగా పదును ఉన్నప్పుడు తవ్వితే గోడ శుభ్రంగా కనపడుద్ది. పైన రెండు మూడు అంగుళాలు రవ్వ రవ్వగా, చేత్తో నలిపితే గింజల్లాగా విడిపోతా ఉంటే అది మంచి రేగడి, ఎండకీ వానకీ తనని తానే బాగుచేసుకుంటది. అట్టా కాకుండా పైన గట్టి పెచ్చు కట్టి ఉంటే అనుమానించాలి. అడుగున్నర, రెండడుగుల కిందకి పోయాక పెద్ద పెళ్ళ ఒకటి విరవండి. విరిగిన పక్క నున్నగా, ఎండలో మెరుస్తా, ఏటవాలుగా గీతలు పడి ఉంటది. నేల ఉబ్బినప్పుడు ఒక పెళ్ళ ఇంకో పెళ్ళ మీద ఒరుసుకుని జారిన గుర్తు అది. చెట్ల వేళ్ళు తెగేది, గోడలు పగిలేది, కంచె కూసాలు ఒరిగేది అంతా ఆ కదలిక వల్లనే. ఇంకా కిందకి తెల్లటి సున్నపు గుల్లలు కనపడతాయి, వాటి మీద నిమ్మకాయ పిండితే బుస్సుమని పొంగుద్ది. పొంగితే సున్నం ఉన్నట్టే, ఇక ఆ నేలకి సున్నం వెయ్యమని ఎవరు చెప్పినా వినొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే పనికొచ్చే టెస్టు, రూపాయి ఖర్చు లేదు. పై మన్ను నుంచి ఒకటి, అడుగు లోతు నుంచి ఒకటి, రెండడుగుల నుంచి ఒకటి, శనగగింజంత బెడ్డలు తీసుకుని నీడన ఆరబెట్టండి. మూడు గాజు గ్లాసుల్లో వాన నీళ్ళు గానీ ఆర్వో నీళ్ళు గానీ పొయ్యండి. బోరు నీళ్ళు వద్దు, మన బోరు నీళ్ళల్లో ఉప్పు ఉంటే అది అసలు సంగతి దాచేస్తది. బెడ్డని మెల్లగా జారవిడవండి, కలపొద్దు, కదపొద్దు. పది నిమిషాలకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూడండి. బెడ్డ విడిపోయి కుప్పగా కూర్చుని పైన నీళ్ళు తేటగా ఉంటే భయం లేదు. బెడ్డ చుట్టూ పాల పొగలాగా లేచి గ్లాసంతా మసకబారితే ఆ మన్నులో సోడియం ఎక్కువ ఉంది, అది చౌడు రకం. పైది తేటగా ఉండి రెండడుగులది పాలలాగా అవడం మన పల్లపు పొలాల్లో తరచుగా చూస్తాం. అట్టాంటి చోట కుంట తవ్వి ఆ మన్నుతో కట్ట వేస్తే కట్ట లోపలే బొక్కలు పడి తెగిపోద్ది, కాలువ తీస్తే కాలువ వాగు అవుద్ది. కాబట్టి పార పెట్టే ముందే ఈ టెస్టు చెయ్యాలి.

తర్వాత మన్ను శాంపిల్ ల్యాబుకి పంపండి. బీడు కాబట్టి పై ఆరంగుళాలది ఒకటి, అడుగు నుంచి రెండడుగులది ఒకటి, రెండూ విడివిడిగా. పేడ పడ్డ చోట, దొడ్డి దగ్గర, చెట్టు కింద తియ్యొద్దు. దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో అడిగినా దారి చెప్తారు. పీహెచ్, ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), సేంద్రియ కర్బనం, భాస్వరం, జింకు, మార్పిడి సోడియం శాతం (బంకమన్నుకి పట్టి ఉన్న సోడియం లెక్క), ఇవన్నీ కావాలని నోరు తెరిచి అడగండి, అడక్కపోతే మామూలు మూడు నాలుగు అంకెలు ఇచ్చి పంపుతారు.

రెండో పని: తడిగా ఉన్నప్పుడు గొడ్డుని బయట ఉంచే ఏర్పాటు

మొత్తం ఈ రాతలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవండి.

తడిసిన రేగడిలోకి గొడ్డు దిగితే గిట్ట నాలుగైదు అంగుళాలు దిగబడుద్ది, తీసినప్పుడు గడ్డి దుబ్బు వేరుతో సహా లేచి వస్తది. గిట్ట చుట్టూ మన్ను నలిగి రంధ్రాలు మూసుకుపోయి ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళల్లో చెంగలి కుళ్ళిపోయి తుంగ వస్తది. ఎండిన తర్వాత ఆ గుంటల అంచులు రాళ్ళలాగా గట్టిపడి జీవాల కాళ్ళు మడతపడతాయి. ఒక్క రోజు తప్పుడు మేపు ఒక సీజన్ గడ్డిని తినేస్తది. మా వైపు జీవాలు తోలే ఒక పెద్దాయన కుర్రోళ్ళని ఒకటే అడిగేవాడు: "ఏరా అబ్బాయ్, నీ కాలికే మన్ను అంటుకుంటా ఉంటే గొడ్డుని ఎట్టా తోలతావురా?" అంతకంటే మంచి రూల్ నాకు తెలియదు. దాన్ని కొంచెం లెక్కగా చెయ్యాలంటే ఇట్టా చెయ్యండి.

మూడు అంగుళాల లోతు నుంచి పిడికెడు మన్ను తియ్యండి, అరచేతుల మధ్య పెట్టి తాడులాగా పేనండి. అగరబత్తి మందానికి విరక్కుండా సన్నగా వస్తే నేల ఇంకా మెత్తగా ఉన్నట్టు, ఆవూ గేదే ట్రాక్టరూ ఏదీ దిగకూడదు. ఆ మందం రాకముందే తునకలు తునకలుగా విరిగిపోతే తోలుకోవచ్చు. పైపైన చూసి ఆరింది అనుకోవద్దు, ఈ నేల పై అంగుళం ఒక పూట ఎండకే తెల్లబడుద్ది, కింద మాత్రం అట్టానే జిగురుగా ఉంటది. పల్లంలోనూ మెరక మీదా రెండు చోట్లా చూడాలి, మెరక ముందు ఆరుద్ది కాబట్టి మందని ముందు అటు వదలొచ్చు. గొర్రెలు తేలిక, వాటి గిట్ట ఒత్తిడి ఆవు గిట్టలో దాదాపు సగమే, కాబట్టి అనుమానంగా ఉన్న రోజు ముందు జీవాలని వదిలి, రెండు రోజులు ఆగి గొడ్లని వదలండి. గేదెలని అందరికంటే చివర.

మరి ఆ రోజుల్లో గొడ్లు ఎక్కడ ఉంటాయి? దీనికి వేసవిలోనే ఏర్పాటు చేసుకోవాలి. బీడులో అన్నిటికంటే మెరకగా ఉన్న మూల చూసుకుని అక్కడ వానాకాలం దొడ్డి ఒకటి కట్టుకోండి. అరడుగు మందం గ్రావెల్ పోసి తొక్కించి, ఒక పక్కకి వాలు పెట్టి, పేడనీళ్ళు పోయే కాలువ వదలండి. చీమకుర్తి క్వారీల దగ్గర రాతి పొడి, ముక్కలు దొరుకుతాయి, కింద అవి పోసి పైన గ్రావెల్ పోసినా సరిపోద్ది. ఆ జాగాలో గడ్డి మొలవదు, మొలవాల్సిన పనీ లేదు, మిగతా ఎకరాలని కాపాడటానికే అది ఉంది.

మేత నిలవ కూడా చూసుకోవాలి. సుమారు 400 కిలోల ఆవు రోజుకి తన బరువులో రెండున్నర శాతం, అంటే 10 కిలోల ఎండుమేత తింటది. తుఫాను, దాని వెనకే ఇంకో వాయుగుండం, నేల ఆరేదాకా ఆగడం, అన్నీ కలిపి కనీసం ఇరవై రోజులకి లెక్క వేసుకోండి. అంటే ఒక్కో ఆవుకి రెండు క్వింటాళ్ళ జొన్న చొప్ప గానీ వరిగడ్డి గానీ స్వాతి కార్తె రాకముందే వామి వేసి పైన పట్టా కట్టి ఉండాలి. వరిగడ్డి ఒక్కటే పెడితే గొడ్డు నీరసిస్తది, చేలో పిల్లిపెసర ఎండబెట్టింది ఉంటే రోజూ రెండు కట్టలు కలపండి. తవుడు, చెక్క ఎంతనేది పాడిని బట్టి.

ఒకవేళ ఇప్పటికే తొక్కుడు పడి ఉంటే కంగారుగా ట్రాక్టర్ తెచ్చి లోతుగా దున్నించొద్దు. తడిలో దున్నితే నాగలి అడుగున మన్ను మెత్తి ఇంకో గట్టి పొర తయారవుద్ది, ఎండలో దున్నితే మోకాలంత పెళ్ళలు లేస్తాయి. మంచి రేగడి అయితే రెండు మూడు సార్లు తడిసి ఎండితే తనే పగిలి వదులవుద్ది, ఈ నేల మనకిచ్చే పెద్ద వరం అది. ఆ ముక్కని ఒక సీజన్ మూసేసి వదిలెయ్యండి చాలు. గ్లాసులో పాలలాగా అయిన నేలకి మాత్రం ఈ వరం లేదు, దాని సంగతి ఎరువుల దగ్గర చెప్తా.

మూడో పని: నీళ్ళకి దారి

రేగడిలో నీళ్ళు ఇంకించడం మొదటి వానల దాకానే. నెర్రెలు మూసుకున్నాక నీళ్ళని మెల్లగా బయటికి నడిపించాలి. వాలుకి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, వెడల్పుగా లోతు తక్కువగా ఉండే కాలువలు తియ్యండి, రెండు పక్కలా గరిక ఉండేట్టు చూడండి. ఇరుకుగా లోతుగా తీస్తే ఒక్క తుఫానుకే కోత పడుద్ది. చివర కుంట ఉంటే మరీ మంచిది. రేగడిలో కుంట బాగా నీళ్ళు నిలుపుద్ది గానీ వేసవిలో పూర్తిగా ఎండితే అడుగు నెర్రెలిచ్చి మొదట కొన్ని నీళ్ళు తాగేస్తది, అది చూసి కంగారు పడొద్దు.

పశుగ్రాసం కోయడానికి విడిగా ఒక మడి పెట్టుకునేవాళ్ళు ఎత్తు మడుల పద్ధతి చూడండి. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో నల్లరేగడి కోసమే తయారు చేశారు, మీటరు వెడల్పు మడి, పక్కన అర మీటరు కాలువ, కొద్దిపాటి వాలు ఉండేట్టు. జొన్నకి, దశరథ గడ్డికి (పప్పుజాతి మేత) బాగా నప్పుద్ది.

గొడ్లని నేరుగా కుంటలోకి దిగనివ్వొద్దు. గట్లు తొక్కి, నీళ్ళు బురద చేసి, తర్వాత అవే తాగుతాయి. తొట్టి కట్టి చుట్టూ పది పన్నెండు అడుగులు గ్రావెల్ పరవండి, వేసవిలో ఒక ఆవు 40 నుంచి 60 లీటర్లు తాగుద్ది, ఆ లెక్కన తొట్టి సైజు. తొట్టి దూరంగా ఉన్న మూల గడ్డి ఎవరూ ముట్టరు, దగ్గర గడ్డి నేల మట్టం అవుద్ది, వీలైతే రెండు తొట్లు పెట్టండి.

నాలుగో పని: గడ్డి

ముందు ఉన్నదాన్ని గుర్తుపట్టండి. చెంగలి గడ్డి మన రేగడికి పుట్టింది, సన్న కాడ, ముదిరితే ఎర్రబారుద్ది, ఒంగోలు గొడ్లు మిగతావన్నీ వదిలి దానికోసం వెతుక్కుంటాయి. అది దుబ్బు వేరుతోనూ విత్తనంతోనూ నిలవాలి, విత్తనం రాలకముందే ప్రతి ఏడూ మేపేస్తే నాలుగో ఏడు కనపడదు. అందుకని బీడుని నాలుగు ముక్కలు చేసి ప్రతి ఏడూ ఒక ముక్కని పూత దగ్గర్నుంచి గింజ రాలేదాకా, సుమారు అక్టోబర్ నుంచి డిసెంబర్ చివరి దాకా, మూసి ఉంచండి. వచ్చే ఏడు ఇంకో ముక్క. ఇదే నా దృష్టిలో కొత్త విత్తనం కొనేదానికంటే పది రెట్లు మేలైన పని, కానీ గింజ పట్టిన గడ్డిని కళ్ళ ముందు పెట్టుకుని గొడ్డుని ఆపడానికి గుండె ధైర్యం కావాలి.

కొత్తగా వెయ్యాలంటే మార్వెల్ గడ్డి, అంజన్ గడ్డి మెరకలో బాగుంటాయి. నీళ్ళు నిలిచే పల్లానికి పారా గడ్డి. స్టైలో అనే పప్పుజాతి మేత గురించి చాలా వీడియోల్లో చెప్తారు, మామూలుగా దొరికే హమాటా రకం ఎర్ర చెలకలకి గానీ నీళ్ళు నిలిచే రేగడికి కాదు. పప్పుజాతిలో దశరథ గడ్డి, శంఖుపుష్పం రెండూ బరువు నేలని తట్టుకుంటాయి. శంఖుపుష్పం అంటే పూజకి కోసుకునే పువ్వే, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతులు నల్లనేలల్లో గొడ్ల మేతకని దాన్ని ఎకరాలకి ఎకరాలు వేస్తారు, మనం కంచెకి పాకించి వదిలేస్తాం. గట్ల మీద అవిసె వేసుకోండి, వేసవిలో జీవాలకి అదే పచ్చిమేత.

విత్తడంలో చాలామంది దెబ్బతినేది టైమింగ్ దగ్గర. మృగశిరలో చినుకు పడగానే చల్లితే సన్న విత్తనం నెర్రెల్లోకి పోద్ది, పైన పడ్డది మొలిచి రెండు రోజుల ఎండకి మాడిపోద్ది, ఎందుకంటే ఎండిన రేగడికి అయిదు మిల్లీమీటర్ల వాన లెక్కలోకి రాదు, మన్నే తాగేసి వేరుకి ఇవ్వదు. నెర్రెలు పూర్తిగా మూసుకున్నాక, పై మన్ను పదునుకి వచ్చాక చల్లండి. గడ్డి విత్తనం ఎకరానికి రెండు మూడు కిలోలు, నాలుగింతల పొడి ఇసుకలో కలిపి చల్లి, గుంటక తోలకుండా ముళ్ళకంప ఈడిస్తే చాలు, లోతు పోతే మొలవదు. దశరథ గడ్డి గింజకి పైతోలు గట్టి, 80 డిగ్రీల వేడినీళ్ళల్లో అయిదు నిమిషాలు ఉంచి ఆరబెట్టి వెయ్యండి. మొదటి ఏడు కొత్త ముక్కలోకి మందని వదలొద్దు, కోసి పెట్టండి.

చిల్లచెట్లు మొదలు పైన నరికితే పది కొమ్మలు వేస్తాయి. వాన తర్వాత నేల మెత్తగా ఉన్నప్పుడు మొదలు చుట్టూ తవ్వి భూమి లోపల అరడుగు కింద వేరు కోస్తే మళ్ళీ లేవదు. దాని కాయలు తిన్న గొడ్డు పేడలోంచే కొత్త చెట్లు వస్తాయి, కాబట్టి కాయలు పెడితే పొడి కొట్టి పెట్టండి. నల్లతుమ్మలు మాత్రం నరకొద్దు, నీడకి నీడ, కాయలు గొర్రెలకి మేత. వయ్యారిభామ పూతకి రాకముందే పీకాలి, చేతికి తొడుగు వేసుకుని. ఇక బీడు తగలబెట్టడం, దయచేసి వద్దు. ఆ బూడిదతో వచ్చే పచ్చదనం నాలుగు రోజులు, పోయిన విత్తనం, కప్పు తిరిగి రావడానికి ఏళ్ళు పడుద్ది.

అయిదో పని: ఎన్ని గొడ్లు, ఎన్ని రోజులు

మీటరు పొడవు మీటరు వెడల్పు చదరం కర్రలతో చేసి, బీడులో పది చోట్ల వేసి, అందులో గడ్డిని నాలుగు అంగుళాలు వదిలి కోసి, ఎండబెట్టి తూచండి. సగటు పావుకిలో వచ్చిందనుకుందాం. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంటే ఎకరానికి సుమారు వెయ్యి కిలోలు. అందులో సగం గొడ్డుకి, సగం నేలకి. అయిదు వందల కిలోలు రోజుకి పది కిలోల లెక్కన ఒక ఆవుకి యాభై రోజులు, లేదా పది ఆవులకి అయిదు రోజులు. పెద్ద నెల్లూరు గొర్రె రోజుకి కిలో దాకా తింటది, పది గొర్రెలు ఒక ఆవు కింద వేసుకోండి.

రెండో లెక్క మంచిది, అంటే ఎక్కువ గొడ్లు, తక్కువ రోజులు, తర్వాత పెరిగే కాలంలో నెల నుంచి నలభై అయిదు రోజులు విరామం. ఒకే చోట ఏడాదంతా పది గొడ్లు తిరిగితే అవి తీపి గడ్డిని మళ్ళీ మళ్ళీ కొరికి చంపేస్తాయి, పనికిరానిది పెరుగుద్ది. నాలుగు అంగుళాల కింద మేపొద్దు. గొర్రె నేల నాకినట్టు మేస్తది కాబట్టి గొడ్ల వెనక జీవాలని తోలేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఎరువు

బీడుకి ఎరువేంది అనుకోకండి. సూపర్ ఫాస్ఫేట్ ఎకరానికి రెండు బస్తాలు, మన్ను టెస్టులో భాస్వరం తక్కువ వస్తే, పప్పుజాతి ఉన్న ముక్కకి మొదట వెయ్యండి, భాస్వరంతో పాటు గంధకమూ అందుద్ది. జింకు తక్కువుంటే జింకు సల్ఫేట్ ఎకరానికి 20 కిలోలు, రెండు మూడేళ్ళకోసారి, సూపర్‌తో కలపకుండా విడిగా. యూరియా ఈ సున్నపు నేల మీద పైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా గాల్లో కలిసిపోద్ది, వాన ఖాయంగా పడే ముందు రోజు చల్లితేనే డబ్బు దక్కుద్ది. అన్నిటికంటే మేలు మంద కట్టడం. వేసవిలో గొర్రెల మందని బీడు మీద ఒక్కో రాత్రి ఒక్కో ముక్కలో, సత్తువ లేని చోట్ల కట్టిస్తే పెంట, పంచకం రెండూ నేలకి దక్కుతాయి.

గ్లాసులో పాలలాగా అయిన నేలకి జిప్సం కావాలి, ఎంత అనేది ల్యాబ్ చెప్పిన సోడియం లెక్కని బట్టి. వానలకి ముందు పైన చల్లి, కరిగి సోడియం కొట్టుకుపోవడానికి కాలువ దారి ఉండాలి. దారి లేకుండా జిప్సం వేస్తే డబ్బు దండగ. అక్కడ ముందు జీలుగ వేసి ఒక ఏడు నేలని కప్పితే గడ్డి పట్టడం తేలికవుద్ది.

వేసవి నెర్రెలు, కంచె

నెర్రెలు మూయాలని ఇసుక పోసేవాళ్ళు ఉన్నారు. అక్కర్లేదు, తొలి వాన లోపలికి దిగే దారే అది. గడ్డి మొదళ్ళు, ఎండు గడ్డి నేల మీద ఉంటే పైపొర తొందరగా ఆరదు, మెత్తటి దుమ్ము గాలికి పోదు. కాకపోతే గొర్రెపిల్లల, దూడల కాళ్ళు ఇరుక్కుంటాయి. అవి మందలో ఉన్నప్పుడు పెద్ద నెర్రెలున్న ముక్కలోకి వదలొద్దు, సాయంత్రం మంద లెక్క తగ్గితే ముందు నెర్రెల దగ్గర వెతకండి, కర్రతో తట్టకుండా చెయ్యి పెట్టొద్దు, పాములూ తేళ్ళూ చల్లదనానికి అక్కడే ఉంటాయి.

కంచె కూసం రెండున్నర అడుగులన్నా దిగాలి, మూల కూసాలకి ఏటవాలు ఊతం తప్పనిసరి. గుంటలో తిరిగి అదే నల్లమన్ను కాకుండా గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టండి, లేదంటే రెండు వానాకాలాలకి ఒరుగుద్ది. నీళ్ళ పైపు వేసేటప్పుడు కాలువలో చుట్టూ ఇసుక పోసి, బిగించకుండా కొంచెం వదులుగా వెయ్యాలి, నేల కదిలినప్పుడు జాయింట్లు విడిపోవు.

రోగాలు, టీకాలు

తడి రేగడికి రోగాలు కూడా ఉంటాయి. గొర్రెలకి గిట్టల పుండ్లు వస్తే పది లీటర్ల నీళ్ళల్లో కిలో జింకు సల్ఫేట్ కలిపి తొట్టిలో పోసి మందని అందులోంచి నడిపించండి. నీళ్ళు నిలిచిన చోట నత్తలుంటే కాలేయ జలగ ఉన్నట్టే, వానలకి ముందూ తర్వాతా డాక్టరుని అడిగి మందు తాగించండి. ఈశాన్య వానల్లో గొర్రెలకి నీలినాలుక (బ్లూటంగ్) వస్తది, దాన్ని మోసే సన్న దోమలు పేడ బురదలోనే పుడతాయి, దొడ్డి పొడిగా ఉంచడమే సగం వైద్యం. వర్షాలకి మొలిచిన లేత జొన్న పిలకల మీదకి ఆకలిగా ఉన్న గొడ్లని వదలొద్దు, విషం ఉంటది, పూతకి వచ్చాకే మేపాలి. గొంతువాపు, జబ్బవాపు, గొర్రెలకి చిటుక రోగం టీకాలు మే, జూన్ నెలల్లోనే వేయించాలి.

దొమ్మ రోగం (ఆంత్రాక్స్) సంగతి ప్రత్యేకంగా. దాని బీజాలు సున్నం ఉన్న క్షార నేలల్లో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి, అంటే సరిగ్గా మన నేల. ఉన్నట్టుండి చచ్చి ముక్కులోంచో వెనకనుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే కొయ్యొద్దు, తోలు తియ్యొద్దు, కుక్కల పాలు చెయ్యొద్దు, వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టి ఆయన చెప్పినట్టు లోతుగా పూడ్చండి, ఆ చోటు చుట్టూ కంచె వేసి అక్కడ మళ్ళీ మేపొద్దు, కుంటకి మన్ను కూడా అక్కడ్నుంచి తియ్యొద్దు.